ఆరేళ్లుగా చేయిస్తున్న కొలెస్ట్రాల్ 'అడ్వాన్స్‌డ్' టెస్టులు: ఏది పనికొచ్చింది, ఏది దండగ

మా నాన్నకు 48వ ఏట గుండెపోటు వచ్చింది. చుట్ట, మందు ఎరుగని మనిషి. ఆ భయంతో నేను ఏటా లిపిడ్ ప్రొఫైల్ చేయించుకునేవాణ్ణి. ఎల్‌డీఎల్, అంటే చెడ్డ కొలెస్ట్రాల్, ఎప్పుడూ 108, 110 దగ్గరే ఉండేది. రక్తంలో ఉండే ఇంకో కొవ్వు, ట్రైగ్లిజరైడ్లు, మాత్రం 240. 'అన్నం తగ్గించండి' అనేవారు, అంతే.

2019లో ఒక కార్డియాలజిస్టు నాన్న సంగతి విని రెండు టెస్టులు అదనంగా రాశారు: అపో బీ (కొలెస్ట్రాల్‌ను మోసే రేణువుల మీదుండే ప్రోటీన్), ఎల్‌పీ లిటిల్ ఎ (వంశపారంపర్యంగా వచ్చే ఒక రకం కొలెస్ట్రాల్ రేణువు). మొదటిది 118 వచ్చింది, ఎక్కువే; రెండోది 92 మిల్లీగ్రాములు. ఎల్‌పీ ఎ 50 దాటితే ఎక్కువ కిందే లెక్క.

ఎల్‌డీఎల్ బాగానే ఉంది కదా అని అడిగాను. చాలా రిపోర్టుల్లో ఎల్‌డీఎల్‌ను కొలవరట, మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి మంచి కొలెస్ట్రాల్ హెచ్‌డీఎల్‌నూ, ట్రైగ్లిజరైడ్లలో ఐదో వంతునూ తీసేసి లెక్కగడతారట. పైగా అది కొలెస్ట్రాల్ బరువే. మన ఫిషింగ్ హార్బర్‌లో చేపల్ని తూచడం వేరు, బుట్టలు లెక్కపెట్టడం వేరు. రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసుకెళ్లే రేణువులే ఇక్కడ బుట్టలు, రక్తనాళం గోడలో దూరేవి అవే. ఒక్కో బుట్టకు ఒక్కో అపో బీ ఉంటుంది కాబట్టి అది చూస్తే లెక్క తేలిపోతుంది. నాలా ట్రైగ్లిజరైడ్లు ఎక్కువున్నవాళ్లకు బుట్టలు చిన్నవి, సంఖ్య ఎక్కువ.

కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ రకం మాత్ర రోసువాస్టాటిన్ మొదలుపెట్టిన మూడు నెలలకు అపో బీ 74కి దిగింది. మాత్ర పనిచేస్తోందా లేదా చెప్పడానికి ఇంతకన్నా సూటి టెస్టు నాకు కనబడలేదు. దానికి పరగడుపున ఉండక్కర్లేదు కూడా. ఈ ముక్క ముందే తెలిసుంటే, ఎనిమిదిన్నరకు తీరిగ్గా వచ్చే శాంపిల్ కుర్రాడి కోసం కాఫీ లేకుండా అన్ని పొద్దులు కూర్చునేవాణ్ణి కాదు.

ఎల్‌పీ ఎ దారి వేరు. అది పుట్టుకతో వచ్చేది, తిండితో, నడకతో పెద్దగా మారదు. స్టాటిన్ కూడా దాన్ని తగ్గించదు. జన్మకోసారి చేయిస్తే చాలు. నేను మాత్రం ల్యాబ్ వాళ్ల టెస్టుల ప్యాకేజీలో ఉంది కదా అని మూడుసార్లు చేయించాను! రెండోసారి ల్యాబ్ మారింది. 205 అని వచ్చింది. మా ఆవిడ 'ఏంటండీ, రెట్టింపైపోయిందా?' అని కంగారుపడింది. రెండు రోజులు ఇంట్లో ఒకటే టెన్షన్. తీరా చూస్తే ఈ ల్యాబ్ మిల్లీగ్రాముల్లో కాకుండా నానోమోల్స్ అనే యూనిట్‌లో ఇచ్చింది, అక్కడ హద్దు 125. ఒక యూనిట్ నుంచి ఇంకో యూనిట్‌కు కచ్చితంగా మార్చే గుణకం కూడా లేదట. అంకె పక్కన ఏముందో చూడకుండా ఎవరూ బెంబేలెత్తకండి.

ప్యాకేజీలో మిగతావి డాక్టరు గారు తిప్పి కూడా చూడలేదు. ఒంట్లో వాపును (ఇన్‌ఫ్లమేషన్) చూపే హెచ్‌ఎస్ సీఆర్‌పీ ఒకటి ఉంటుంది, జలుబుతో ఉన్నప్పుడు ఇచ్చి 6.8 తెచ్చుకున్నాను. తగ్గాక 0.9. ఇప్పుడు ప్యాకేజీ మానేసి, ఏడాదికోసారి లిపిడ్ ప్రొఫైల్, అపో బీ విడిగా చేయిస్తున్నాను. ఖర్చు సగానికి పైగా తగ్గింది.

తమ్ముడికీ ఎల్‌పీ ఎ చేయించాం, 14. బీచ్ రోడ్డులో మురీ మిక్చర్ తింటూ నన్ను ఏడిపిస్తుంటాడు. మా అబ్బాయికి 24 ఏళ్లు, వాడూ ఎల్‌పీ ఎ చేయించాడు. మొన్న బెంగళూరు నుంచి రిపోర్టు ఫొటో పంపి, 'నాన్నా, 81. మిల్లీగ్రాములే, చూసుకున్నాను' అన్నాడు.