బిగ్-వేలో స్లాట్ ఖాయమంటూ ముందే డబ్బు కట్టించుకునే క్యాంపులతో జాగ్రత్త

స్కైడైవింగ్‌లో కొంత అనుభవం సంపాదించి, పదుల మందితో కలిసి ఆకాశంలో ఒకరినొకరు పట్టుకుని పెద్ద ఫార్మేషన్ (దీన్నే బిగ్-వే అంటారు) కట్టాలని ఆశపడుతున్న తెలుగు మిత్రులను హెచ్చరించడానికి ఇది రాస్తున్నాను. రుసుము ముందుగా చెల్లిస్తే బిగ్-వేలో మీ స్లాట్ (ఫార్మేషన్‌లో మీ చోటు) ఖాయమని ఎవరైనా చెబితే, డబ్బు పంపకముందే అన్ని విషయాలూ విచారించండి. అమెరికాలో ఒక ప్రైవేటు నిర్వాహక బృందం పెట్టిన అలాంటి క్యాంపులో నేను పాల్గొన్నాను. నష్టం డబ్బుతో ఆగి ఉంటే ఇంత వివరంగా రాసేవాణ్ణి కాదు. ప్రాణాల మీదికి వచ్చే పరిస్థితిని అక్కడ కళ్లారా చూశాను. ఆ బృందం ఒక డ్రాప్‌జోన్‌లో (స్కైడైవింగ్ కేంద్రంలో) చోటు, విమానాలు అద్దెకు తీసుకున్నదే తప్ప అది డ్రాప్‌జోన్ సొంత కార్యక్రమం కాదు. అక్కడి పైలట్లు, పారాచూట్లు మడిచిపెట్టే ప్యాకర్లు తమ పని చక్కగా చేశారు, వారిపై నాకు ఏ ఫిర్యాదూ లేదు.

ప్రకటనలో చెప్పిన ప్రకారం అది 60 మందితో రాష్ట్ర రికార్డు కోసం చేసే ప్రయత్నం. మూడు ట్విన్ ఆటర్ విమానాలు ఉంటాయని, ప్రతి విభాగానికీ రికార్డుల్లో పాల్గొన్న అనుభవం గల కెప్టెన్ ఉంటారని, ప్రతి జంప్ తర్వాత వీడియో చూపించి తప్పొప్పులు వివరిస్తారని, డబ్బు కట్టిన ప్రతి ఒక్కరికీ ఎంపిక హామీ అని స్పష్టంగా రాశారు. రుసుము రెండు వేల డాలర్లకు పైనే. జంప్ టికెట్లు, బస, ప్రయాణం దానికి అదనం. సగం సొమ్ము పేరు నమోదు చేసుకునే రోజే కట్టాలి. కార్డుతో కడితే అదనపు చార్జీ పడుతుందని, జెల్‌లో (బ్యాంకు ఖాతా నుంచి నేరుగా డబ్బు పంపే సేవలో) పంపితే తగ్గింపు ఇస్తామని ఫోన్ చేసి మరీ చెప్పారు.

తీరా వెళ్లి చూస్తే ప్రకటనలో ఫొటోలు వేసిన కెప్టెన్లలో ఎక్కువమంది రానేలేదు. వారి స్థానంలో ఉన్నవారు మంచివారే కావచ్చు గానీ, ఇంత పెద్ద గుంపును నడిపించిన అనుభవం తమకు లేదని వారిలో ఒకరు మాటల మధ్యలో తామే చెప్పారు. మూడో విమానం మరమ్మతులో ఉందన్న కబురు మొదటి ఉదయమే తెలిసింది. దాంతో ఫార్మేషన్‌ను 40 మందికి కుదించి, మిగిలినవారిని బెంచ్ మీద కూర్చోబెట్టారు. నిజానికి బెంచ్ అనేది తప్పు కాదు. పేరున్న కార్యక్రమాలన్నిటిలోనూ అదనపు జంపర్లు ఉంటారు, ఎవరైనా తడబడినప్పుడు వారి స్లాట్‌లోకి బెంచ్‌లోని వారు వెళతారు. అయితే ఆ సంగతి ముందే చెబుతారు, బెంచ్‌కు రుసుము వేరుగా ఉంటుంది, వారు కూడా గాలిలో సాధన చేసే ఏర్పాటు ఉంటుంది. ఇక్కడ ఖాయమైన స్లాట్ పేరుతో పూర్తి రుసుము తీసుకుని, వచ్చాక బెంచ్ అన్నారు. ఒక తెలుగు చెల్లెలు ఉద్యోగానికి సెలవు పెట్టి, విమాన టికెట్ కొనుక్కుని వచ్చి, క్యాంపులో ఎక్కువ భాగం హ్యాంగర్‌లోనే గడపవలసి వచ్చింది.

అంతకంటే నన్ను కలవరపెట్టింది మరొకటి. మా జంప్‌ల వివరాలు రాసుకునే లాగ్‌బుక్‌లు ఎవరూ తెరిచి చూడలేదు. ఇంతకుముందు ఎంతమందితో ఫార్మేషన్ చేశారు, చివరిసారి ఎప్పుడు జంప్ చేశారు, ట్రాకింగ్ (పడుతూనే గాలిలో అడ్డంగా దూరం జరగడం) ఎంతవరకు వచ్చు అని అడిగినవారు లేరు. రిజర్వ్ పారాచూట్‌ను తిరిగి మడిచిన (రీప్యాక్) తేదీని, అవసరమైతే దాన్ని దానంతటదే తెరిచే ఆటోమేటిక్ ఆక్టివేషన్ పరికరం సర్వీసు గడువును మాత్రం డ్రాప్‌జోన్ సిబ్బంది తమ నియమం ప్రకారం తనిఖీ చేశారు.

ఈ ప్రశ్నలు అడగకపోవడం ఎందుకంత ప్రమాదమో, ఇంకా చిన్న ఫార్మేషన్లలోనే ఉన్న మిత్రుల కోసం కొంచెం వివరిస్తాను. బిగ్-వేలో మొదటి విమానం నుంచి బేస్ (ఫార్మేషన్ మధ్యలో ఉండే బృందం) ఒక గుత్తిగా బయటికి వస్తుంది. తర్వాతి వారు ఒకరి వెంట ఒకరు దూకి, వేగంగా డైవ్ చేసి, బేస్‌కు కాస్త పైన, బాగా వెలుపల తమ వైపున నిలబడాలి. తమ ముందున్నవారు గ్రిప్ (పక్కవారి చేతి మీదో కాలి మీదో పట్టు) పట్టుకునేదాకా ఆగి, అప్పుడు నెమ్మదిగా దగ్గరికి రావాలి. పొట్ట కిందికి పెట్టి పడే మనిషి వేగం గంటకు దాదాపు 190 కిలోమీటర్లు. అంత వేగంలో అందరూ ఒకే మట్టంలో ఉన్నంతసేపూ పక్కవారు కదలకుండా ఉన్నట్టే కనిపిస్తారు. డైవ్ నుంచి సకాలంలో వేగం తగ్గించనివాడు మాత్రం ఫార్మేషన్ వైపు దూసుకొస్తాడు, లేదా కిందికి జారిపోతాడు. ఒకసారి బాగా కిందికి జారినవాడు తిరిగి పైకి చేరడం దాదాపు అసాధ్యం. పడుతున్న మనిషి వీపు మీద గాలి చెదిరి ఉంటుంది, దాన్నే బర్బుల్ అంటారు. అందులోకి వెళ్లినవారికి ఆసరా ఒక్కసారిగా పోయి, కింద ఉన్నవారి మీద పడిపోతారు. కాబట్టి ఎవరైనా ఫార్మేషన్ కిందుగా అడ్డంగా జారితే అతనొక్కడికే కాదు, పైనున్న వారందరికీ ముప్పే. ముగ్గులో ఒక్క చుక్క పక్కకు జరిగితే గీతలన్నీ తప్పినట్టు, 40 మందిలో ఒక్కరు మట్టం తప్పినా ఆ జంప్ అక్కడితో చెడిపోతుంది.

మా క్యాంపులో జరిగింది సరిగ్గా అదే. బేస్ చక్కగా కుదిరి, లోపలి వలయం కట్టుకుంటున్న సమయంలో రెండో విమానం నుంచి వచ్చిన ఒక జంపర్ వేగం తగ్గించుకోలేక మా విభాగాన్ని రాసుకుంటూ కిందికి వెళ్లిపోయాడు. ఆ కుదుపుకు రెండు మూడు గ్రిప్‌లు ఊడిపోయాయి. బ్రేకాఫ్ (పారాచూట్లు తెరిచేముందు అందరూ విడిపోవడం) ప్రణాళిక ప్రకారం వెలుపలి వలయం 6,500 అడుగుల వద్ద, లోపలివారు 6,000 అడుగుల వద్ద, బేస్ అంతకంటే కింద విడిపోవాలి. ప్రతి గుంపూ తన ట్రాకింగ్ నాయకుణ్ణి అనుసరిస్తూ కేంద్రం నుంచి నేరుగా దూరం జరగాలి. మేము ట్రాక్ చేస్తుండగా, అప్పటిదాకా ఎక్కడో కింద ఉన్న అదే వ్యక్తి మా దారికి అడ్డంగా వచ్చి, నాకు కొద్ది దూరంలో, నా మట్టానికి కాస్త దిగువన పారాచూట్ తెరిచాడు. పెద్ద పారాచూట్‌ను బయటికి లాగే చిన్న పైలట్ చూట్ గాలిలోకి ఎగరడం, దాని వెనుక సంచి లాక్కుపోవడం, అతని బూట్ల మీది ఎర్ర బూటీల కుట్లు సహితం నాకు స్పష్టంగా కనిపించాయి. నా పక్కనున్న అమ్మాయి ఒక భుజం వంచి పక్కకు తప్పుకోకపోయి ఉంటే ఆమె నేరుగా అతని పారాచూట్ మీదికే వెళ్లేది. కింద దిగాక అతణ్ణి కలిసి మాట్లాడితే, 16 మందికి మించిన ఫార్మేషన్‌లో తాను ఎప్పుడూ పాల్గొనలేదని, నమోదు సమయంలో ఆ మాట చెప్పినా పరవాలేదన్నారని దాపరికం లేకుండా చెప్పాడు. తప్పు అతనిది కాదు. అతని దగ్గర డబ్బు తీసుకుని, అనుభవం చూడకుండా ఆ స్లాట్‌లో పెట్టినవారిది.

ఆ జంప్ మీద జరిగిన సమీక్షలో ఈ సంఘటన ప్రస్తావనే రాలేదు. కెమెరా ఒక్కటే ఉండటం వల్ల మా వైపు దృశ్యం అందులో సగమే పడిందట. నేను లేచి విషయం చెప్పాను. సమయం మించిపోతోంది, తర్వాతి లోడ్ (విమానాల్లో వెళ్లే జట్టు) సిద్ధమవుతోంది అన్నారు. ఆ తర్వాత నేను, మరికొందరు ఆ క్యాంపులో జంప్ చేయడం మానుకున్నాం. డ్రాప్‌జోన్ భద్రతాధికారికి రాతపూర్వకంగా వివరం ఇచ్చాం. ఆయన అదే రోజు నిర్వాహకులను పిలిపించి, ఫార్మేషన్ పరిమాణం తగ్గించేలా చేశారు.

నిజమైన ఎంపిక ఎలా జరుగుతుందో తెలిస్తే ఇలాంటి ప్రకటనలను గుర్తుపట్టడం సులభం. పెద్ద ఫార్మేషన్లలో చోటు దాదాపు ఎప్పుడూ ఆహ్వానం మీద వస్తుంది. 4, 8, 16 మంది ఫార్మేషన్లలో మట్టం తప్పకుండా, చెప్పిన స్లాట్‌కు చెప్పిన దారిలో వెళ్లే జంపర్‌ను అక్కడి నిర్వాహకులు గమనిస్తారు. తర్వాత 20 నుంచి 40 మంది క్యాంపులకు పిలుస్తారు, అక్కడి కెప్టెన్ల మాట మీద ఇంకా పెద్దవాటికి పిలుపు వస్తుంది. వీడియోను ఆపి ఆపి చూసి, ఎవరు ఆలస్యంగా వచ్చారు, ఎవరు ఆత్రంగా డాక్ చేశారు (వచ్చి పట్టుకున్నారు), ఎవరు గ్రిప్ మీద బరువు వేశారు, ఎవరు బ్రేకాఫ్‌లో దారి తప్పారు అని రాసుకుంటారు. నేల మీద చేసే డర్ట్ డైవ్‌కు (జంప్‌కు ముందు అభ్యాసానికి) సమయానికి రావడం, తన వరుస గుర్తుంచుకోవడం, స్లాట్ మార్చినా ముఖం చిట్లించకపోవడం, పారాచూట్ కింద అందరితో కలిసి క్రమంగా దిగడం, ఇవి కూడా చూస్తారు. కింది నుంచి గాలి వీచే విండ్ టన్నెల్‌లో చేసే సాధన శరీరం మీద అదుపు పెంచుతుంది, బరువు తక్కువున్నవారు వెయిట్ బెల్ట్ పెట్టుకుని వేగం సరిచేసుకోవచ్చు. కానీ ఎత్తు నుంచి పొడవుగా డైవ్ చేసి రావడాన్నీ, గుంపు నుంచి ట్రాక్ చేసి దూరం వెళ్లడాన్నీ టన్నెల్ నేర్పలేదు, అవి ఆకాశంలోనే నేర్చుకోవాలి. అమెరికా పారాచూట్ సంఘమైన యూఎస్‌పీఏ వారి డి లైసెన్సుకు కనీసం 500 జంప్‌లు ఉండాలి. అయినా ఆ లైసెన్సు చేతిలో ఉన్నంతమాత్రాన బిగ్-వేకు అర్హత వచ్చినట్టు ఏ పేరున్న నిర్వాహకుడూ భావించరు.

పేరు పొందిన రికార్డులను చూడండి. 2006 ఫిబ్రవరి 8న థాయ్‌లాండ్‌లోని ఉడోన్ థాని మీద బీజే వర్త్ నాయకత్వంలో 400 మంది కట్టిన ఫార్మేషన్ నిలిచింది 4.25 సెకన్లు. దానికి థాయ్ వైమానిక దళం సీ-130 విమానాలు ఐదు వాడారు. 2009లో కాలిఫోర్నియాలోని పెరిస్‌లో 181 మంది స్త్రీలు రికార్డు నెలకొల్పారు. 2015లో ఇల్లినాయిస్‌లోని ఒట్టావాలో 164 మంది తలకిందులుగా పడుతూ కట్టిన ఫార్మేషన్ 13వ ప్రయత్నంలో పూర్తయింది. అంతటి ఆరితేరినవారు కలిసినా పదే పదే విఫలమయ్యాకే సాధించిన పని ఇది. అలాంటిది రికార్డు మా చేతిలో ఉంది, మీ పేరు అందులో ఖాయం అని డబ్బు తీసుకునే ముందే చెప్పడం ఎవరి తరమూ కాదు.

రికార్డు అన్న మాటకు సంబంధించిన పత్రాల విషయం కూడా అడిగి తెలుసుకోవాలి. రికార్డు గుర్తింపు పొందాలంటే అర్హత గల న్యాయనిర్ణేతలు ఉండాలి. ఫార్మేషన్ చిత్రపటాన్ని జంప్‌కు ముందే వారికి అందజేయాలి. ఆ పటంలో గీసినట్టే ప్రతి ఒక్కరూ గ్రిప్ పట్టుకున్నట్టు వీడియోలో, ఫొటోల్లో కనిపించాలి. ప్రపంచ రికార్డయితే పాల్గొనే ప్రతి ఒక్కరికీ అంతర్జాతీయ వైమానిక క్రీడల సమాఖ్య అయిన ఎఫ్‌ఏఐ స్పోర్టింగ్ లైసెన్సు అవసరం. భారతదేశం తరఫున ఎఫ్‌ఏఐలో సభ్యత్వం ఉన్నది ఏరో క్లబ్ ఆఫ్ ఇండియాకు కాబట్టి, ఇండియా పౌరులుగా ఉన్న మన మిత్రులు తమ లైసెన్సు ఎవరి ద్వారా రావాలో ప్రయాణానికి చాలా ముందే తేల్చుకోవడం మంచిది. మా క్యాంపులో న్యాయనిర్ణేతలు ఎవరని అడిగితే మొదట వస్తారన్నారు, తర్వాత వీడియో పంపిస్తామన్నారు, చివరికి ఈసారికి ఇది సాధన మాత్రమే అన్నారు. ప్రకటనలో ఉన్న రాష్ట్ర రికార్డు ఆ మాటతో ముగిసిపోయింది.

ఇక డబ్బు సంగతి. వాతావరణం బాగోక జంప్‌లు రద్దయితే రుసుము తిరిగి రాదని ఒప్పందంలో ఉండటం సహజం, దాన్ని నేను తప్పుపట్టను. కానీ మా ఒప్పందంలో విమానం రాకపోయినా, కెప్టెన్లు మారినా, ఫార్మేషన్ పరిమాణం తగ్గినా తిరిగి ఇచ్చేది ఉండదని వెనుక పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది. పైగా ఆ పత్రం మా చేతికి వచ్చింది డబ్బు కట్టాక, డ్రాప్‌జోన్‌కు చేరాక. నేను కార్డుతోనే కట్టాను కాబట్టి, ప్రకటన ప్రతిని, సందేశాలను జతచేసి బ్యాంకులో అభ్యంతరం నమోదు చేయగలిగాను. రుసుములో కొంత భాగం తిరిగి వచ్చింది. తగ్గింపు కోసం జెల్‌లో పంపినవారికి ఆ దారి లేకుండా పోయింది, వారి మెయిళ్లకు ఇప్పటికీ జవాబు లేదు.

ఇలాంటి క్యాంపుకు పేరు ఇవ్వాలనుకునేవారు కెప్టెన్ల పేర్లు అడిగి, వారితో నేరుగా మాట్లాడి, నిజంగా వస్తున్నారో లేదో తెలుసుకోండి. మీ జంప్‌ల చరిత్ర గురించి నిర్వాహకులు మిమ్మల్ని ఎంత లోతుగా ప్రశ్నిస్తారో గమనించండి. కష్టమైన ప్రశ్నలు అడిగి, ఇంకొన్నాళ్లు చిన్న ఫార్మేషన్లు చేసి రమ్మని తిప్పి పంపేవారినే నేను ఎక్కువగా నమ్ముతాను. విమానం రాకపోతే ఏం చేస్తారు, బెంచ్ ఎలా నిర్ణయిస్తారు, వెలుపలి విభాగాలకు కెమెరా ఉందా, బ్రేకాఫ్ ప్రణాళిక ఏమిటి అన్నవాటికి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. ఒప్పందం పూర్తి ప్రతిని డబ్బు కట్టకముందే పంపమనండి. మీ జీవిత బీమా పత్రం కూడా ఒకసారి తెరిచి చూడండి, చాలా పాలసీలలో స్కైడైవింగ్‌ను మినహాయిస్తారు.

ఇప్పటికే ఇలాంటి క్యాంపుకు అమెరికా క్రెడిట్ కార్డుతో కట్టి, చెప్పిన సేవ అందనివారు ఆ చార్జీ కనిపించిన మొదటి స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల్లోగా బ్యాంకుకు రాతపూర్వకంగా తెలియజేయండి. ప్రకటన పేజీని ఫొటో తీసి పెట్టుకోండి. మా విషయంలో ఫిర్యాదు చేసిన కొద్ది రోజులకే ఎంపిక హామీ అన్న వాక్యాన్ని వారు ప్రకటన నుంచి తొలగించారు.