జాగ్రత్త: కర్నూలులో ‘కండరాల కాల్షియం’ కోర్సు పేరుతో అమ్ముతున్నారు, కొనొద్దు

ఇంట్లో పెద్దవాళ్లున్న కర్నూలు వాళ్లందరూ ఇది చదవాలని రాస్తున్నాను. రెండున్నర నెలల కిందట సి.క్యాంపు రైతుబజారు బయట ‘ఉచిత కండరాల పరీక్ష’ అని కరపత్రాలు పంచారు. ఆ కాగితం పట్టుకుని వెళ్లిన మా నాయన ఏడు వారాలు తిరక్కుండానే ఆసుపత్రిలో చేరాల్సి వచ్చింది. 11,500 రూపాయలు పోయాయి. దానికంటే ఆయన పడిన బాధే నన్ను ఎక్కువ కలచివేస్తోంది.

నాయనకు 66 ఏళ్లు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆరు నెలలుగా కాళ్లలో సత్తువ తగ్గింది. కింద కూర్చుంటే గోడ పట్టుకోనిదే లేవలేడు, మిద్దె మెట్లు సగం ఎక్కి ఆగిపోతాడు. నేను నంద్యాలలో ఉంటాను. ఫోను చేసి అడిగితే ‘వయసు కదప్పా’ అనేవాడు.

పరీక్ష చేసింది ఒక అపార్టుమెంటు సెల్లార్‌లో. ప్లాస్టిక్ కుర్చీలు, ఒక ల్యాప్‌టాప్, దానికి వైరుతో కలిపిన జానెడు ఇనుప కడ్డీ. దాన్ని గుప్పిట్లో పట్టుకుని ఒక నిమిషం కదలకుండా కూర్చోమన్నారట. నిమిషం కాగానే 38 పేజీల రంగుల రిపోర్టు వచ్చింది. అందులో ‘కండరాల కాల్షియం’ అనే చోట ఎర్ర గీత. ‘కండరం కదిలేదే కాల్షియంతో పెద్దాయనా, మీ కండరాలు ఖాళీ అయిపోయాయి, మూడు నెలల కోర్సు వాడితే పరిగెత్తుతారు’ అన్నారు. ఒక డబ్బా పొడి, మాత్రల సీసా, కొన్ని పట్టీల క్యాప్సూల్స్ ఇచ్చారు. మాత్రలు పూటకొకటి, క్యాప్సూల్ రోజుకొకటి, పొడి పాలల్లో.

నాలుగో వారానికి నాయనకు అన్నం సయించలేదు. మలబద్ధకం. రాత్రికి ఐదారుసార్లు ఒంటేలుకు లేవడం, లేచిన ప్రతిసారీ చెంబెడు నీళ్లు తాగడం. కాళ్లు ఇంకా బరువెక్కాయి. అమ్మ ఆ కోర్సు అమ్మినవాళ్లకు ఫోను చేస్తే ‘అది ఒంటికి మందు పడుతున్న లక్షణం అమ్మా, మధ్యలో మానొద్దు, పొడి ఇంకో చెంచా పెంచండి’ అన్నారు. అమ్మ పెంచింది. ఈ ఒక్క మాట తలుచుకుంటేనే నాకు కోపం ఆగదు. ఏడో వారంలో నాయన మాట తడబడింది, మనవడి పేరు రెండుసార్లు తప్పు పిలిచాడు. అప్పుడు గానీ నాకు చెప్పలేదు.

ఆసుపత్రిలో రక్తపరీక్ష చేస్తే కాల్షియం 13.1. మామూలుగా 8.5 నుంచి 10.5 మధ్య ఉండాలి. డాక్టరమ్మ క్యాప్సూల్ పట్టీ తిప్పి చూసి, ‘ఇది రోజూ వేశారా?’ అని రెండుసార్లు అడిగింది. అది 60,000 యూనిట్ల విటమిన్ డి. అవసరమైనవాళ్లకు మామూలుగా వారానికొకటి, అదీ కొన్ని వారాలే రాసే మందు. రోజుకొకటి వేస్తే పేగులు కాల్షియాన్ని అవసరానికి మించి రక్తంలోకి లాగుతాయి, ఎముకల్లోంచి కూడా కరిగి వస్తుంది. నాలుగు రోజులు సెలైన్ ఎక్కించారు. ఈ విటమిన్ కొవ్వులో నిలవ ఉండిపోతుంది కాబట్టి, ఆపేసినా కొన్ని వారాలపాటు రక్తపరీక్షలు చేయిస్తూనే ఉండాలన్నారు.

వాళ్లు చెప్పినది పూర్తి అబద్ధమైతే నాయన నమ్మేవాడు కాదు. అందులో సగం నిజముంది. నేను ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతాను, ఈ పాఠం ఏటా చెప్పేదే, కాబట్టి మిగతా సగం నేను చెప్పాలి.

కండర కణం లోపల సన్నని సంచుల్లాంటి అర ఉంటుంది, దాన్ని సార్కోప్లాస్మిక్ రెటిక్యులం అంటాం. కాల్షియం నిలవ అందులోనే. నరం నుంచి సంకేతం రాగానే ఆ సంచుల తలుపులు తెరుచుకుని కాల్షియం బయటికొస్తుంది, ట్రోపోనిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుంటుంది, కండరం ముడుచుకుంటుంది. పని కాగానే అక్కడి పంపులు కణానికి ఇంధనం లాంటి ఏటీపీని ఖర్చు చేసి ఆ కాల్షియాన్నే తిరిగి సంచుల్లోకి తోడేస్తాయి. అంటే ఉన్న కాల్షియమే మళ్లీ మళ్లీ తిరుగుతుంది. 1883లో లండన్‌లో సిడ్నీ రింగర్ కప్ప గుండెలతో ప్రయోగాలు చేసి, చుట్టూ ఉన్న ద్రవంలో కాల్షియం లేకపోతే గుండె కొట్టుకోవడం ఆగిపోతుందని చూపించాడు. గుండె సంగతి అది. కాళ్ల కండరం అలా కాదు, ముడుచుకున్న ప్రతిసారీ దానికి బయటి కాల్షియం అక్కర్లేదు.

మరి అలసట ఎందుకు? అహోబిలంలో ఉగ్రస్తంభం ఎక్కి దిగిన మర్నాడు తొడలు మాట వినవు కదా, అప్పుడు ఒంట్లో కాల్షియం అయిపోయిందని కాదు. గట్టిగా పనిచేసినప్పుడు కండరంలో ఫాస్ఫేట్ పోగవుతుంది. అది ఆ సంచుల్లోకి చేరి కాల్షియంతో గట్టిపడుతుంది, దాంతో బయటికొచ్చే కాల్షియం తగ్గుతుంది. వచ్చినదానికి కూడా కండరం మునుపటంత బలంగా స్పందించదు. బాగా శ్రమించాక ఆ తలుపులే సరిగా మూసుకోక కారుతుంటాయి కూడా. ఇవన్నీ విశ్రాంతితో సర్దుకునేవి. చెంచాలకొద్దీ పొడి తాగితే ఆ సంచుల్లోకి పోదు. విశ్రాంతిగా ఉన్న కండర కణంలో, ఆ సంచులు పోగా, స్వేచ్ఛగా ఉండే కాల్షియం బయటి ద్రవంలో ఉన్నదాంట్లో సుమారు పదివేల వంతు. అంత తక్కువగా ఉంచడానికే కణం నిరంతరం కష్టపడుతుంది.

రక్తంలో కాల్షియం నిజంగా తగ్గితే పెదాల చుట్టూ, వేళ్ల చివర తిమ్మిరి, చేతులు కొంకర్లు పోవడం కనిపిస్తాయి. పెరిగితే నరాలు, కండరాలు మందగించి నీరసం వస్తుంది. ఏ నీరసం పోవాలని నాయన వెళ్లాడో, అదే నీరసాన్ని డబ్బిచ్చి ఇంటికి తెచ్చుకున్నాడు.

అసలు జబ్బు థైరాయిడ్. రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ బాగా ఎక్కువ ఉంది, అంటే థైరాయిడ్ గ్రంథి మందగించిందని. థైరాయిడ్ మందగిస్తే తొడలు, భుజాల కండరాలు బలహీనపడతాయి. ఆ కడ్డీ రిపోర్టులో థైరాయిడ్ పేజీ కూడా ఉంది, అక్కడ పచ్చ గీత! మా వీధిలో వెళ్లొచ్చిన ఇంకో ముగ్గురి రిపోర్టులు తెచ్చి పక్కపక్కన పెట్టి చూశాను. కండరాల కాల్షియం నలుగురికీ లోటే. గుప్పిట్లో కడ్డీ పెట్టి కండరంలోని కాల్షియం కొలిచే పరీక్ష వైద్యంలో లేదు. కాళ్లలో సత్తువ తగ్గితే డాక్టరుకు చూపించి థైరాయిడ్, షుగర్, పొటాషియం, విటమిన్ డి, రక్తంలో కాల్షియం చూపించుకోండి. కొలెస్ట్రాల్ మాత్రలు వాడుతుంటే ఆ సంగతి కూడా చెప్పండి, వాటివల్ల కొందరికి కండరాల నొప్పి, నీరసం వస్తాయి.

డాక్టరు రాసిన కాల్షియం మాత్రలు మాత్రం ఇది చదివి మానేయకండి. ఎముకలు గుల్లబారినవాళ్లకు అవి అవసరమే. నేను చెప్పేది అడ్డగోలు మోతాదు గురించి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం వయోజనులకు వయసును బట్టి రోజుకు 1000 నుంచి 1200 మిల్లీగ్రాములు చాలు, అదీ తిండితో కలిపి. వంద గ్రాముల రాగుల్లోనే 350 దాకా ఉంటుంది. పొద్దున సంగటి, పూటపూటకూ మజ్జిగ తాగే మా నాయనకు మూడు మాత్రల్లోనే ఇంకో 1500 పోయింది, పొడి కాకుండా.

బిల్లు ఇవ్వలేదు, తెల్లకాగితం మీద పెన్సిలుతో రాసిచ్చారు. ఇప్పుడు సెల్లార్ ఖాళీ, ఫోను స్విచాఫ్. డబ్బు పంపిన స్క్రీన్‌షాట్, డబ్బాల ఫొటోలు పెట్టి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు చేశాను. ఐదు లక్షల లోపు విషయాలకు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు లేదు, అక్కడికీ వెళ్తున్నాను. మీలో ఎవరైనా కొని ఉంటే డబ్బాలు పారేయకండి. ముందు ఆ క్యాప్సూల్ పట్టీ మీద 60,000 అని ఉందేమో చూడండి. ఉండి, రోజూ వేస్తుంటే ఇవాళే ఆపి, డాక్టరుకు చూపించి రక్తంలో కాల్షియం పరీక్ష చేయించండి.

నిన్న మా మేనమామ కొడుకు ఒక ఫొటో పంపాడు. అదే కరపత్రం, అదే కడ్డీ బొమ్మ, ఫోను నంబరు ఒక్కటే మారింది. ఆదోనిలో పంచుతున్నారట. అటు ఆదోని, ఎమ్మిగనూరు వైపు మీవాళ్లుంటే ఇవాళే ఫోను చేసి చెప్పండి.