కష్టంలో యోబులా అడగాలా, పౌలులా ఒప్పుకోవాలా?
కష్టమొస్తే దేవుణ్ణి నిలదీయొచ్చా లేక నోరుమూసుకుని ఒప్పుకోవాలా అని చాలామందికి డౌట్. బైబిల్లో యోబైతే పిల్లల్ని, ఆస్తిని, ఆరోగ్యాన్ని పోగొట్టుకుని ఎందుకు ఎందుకు అని అడుగుతూనే ఉన్నాడు, యోబు గ్రంథం 38వ అధ్యాయంలో దేవుడు మాట్లాడాడు గానీ కారణం మాత్రం చెప్పలేదు, అయినా చివర్లో దేవుడి కోపం రగిలింది నీ పాపమే కారణం అని లెక్చర్లిచ్చిన ఫ్రెండ్స్ మీద (ఓదార్చడానికెళ్లే ప్రతి ఒక్కరూ ఇది గుర్తుపెట్టుకోవాలి).

అపొస్తలుడైన పౌలు కూడా తన శరీరంలో ముల్లు అని చెప్పుకున్న బాధని తీసెయ్యమని దేవుణ్ణి మూడుసార్లు వేడుకున్నాడు, అది మర్చిపోతాం. "నా కృప నీకు చాలును" అనే జవాబొచ్చాకే బలహీనతలో బలం చూసుకున్నాడు, అతను రాసిన 2 కొరింథీ పత్రిక 12వ అధ్యాయంలో ఉంది.

నాకైతే గాయం పచ్చిగా ఉన్నప్పుడు యోబు దారే కరెక్ట్, ఏడవనివ్వాలి. ఆ నొప్పి ఇక పోదని తెలిసాక మాత్రం రోజూ లేచి బతకడానికి పౌలు మాటే పట్టు ఇస్తుంది, అలా నిలబడ్డవాళ్లే ఇంకొకరి పక్కన కూర్చుని నిజంగా ధైర్యం చెప్పగలరు.