విశాఖ తీరంలో సెలవులు: బీచ్ రోడ్డు నుంచి భీమిలి దాకా

విశాఖపట్నంలో సెలవులు ఎలా గడుస్తాయన్నది చాలావరకు బస ఎక్కడ అన్నదాని మీదే ఆధారపడి ఉంటుంది. రైల్వే స్టేషన్, ఆర్టీసీ కాంప్లెక్స్ పరిసరాల్లోని లాడ్జీలు రాకపోకలకు అనుకూలమే కానీ, అక్కడ ఉంటే సముద్రం చూడటానికి ప్రతిసారీ ఆటో ఎక్కవలసి వస్తుంది. మేము మొదట ఆర్.కె. బీచ్ దగ్గర, తరువాత ఋషికొండ వైపు బస చేశాము. రెండింటిలో ఏదో ఒకటే ఎంచుకోవాలంటే, పిల్లలూ పెద్దలూ కలిసి వెళ్ళే కుటుంబానికి నేను ఋషికొండనే సూచిస్తాను. గది తీసుకునే ముందు మాత్రం ఒక విషయం అడిగి తెలుసుకోవాలి. బీచ్ రోడ్డు హోటల్లో ‘సముద్రం కనిపించే గది’ అని మా దగ్గర అదనంగా వసూలు చేశారు. తీరా చూస్తే బాల్కనీ చివర నిలబడి పక్కకు వంగితేనే నీళ్ళు కనిపించాయి. గది ఏ అంతస్తులో ఉందో, కిటికీ ఏ దిక్కుకు ఉందో ముందే అడగడం, వీలైతే ఫోటో పంపమనడం మంచిది.

ఆర్.కె. బీచ్‌లో ఉండటం వల్ల కలిగిన అసలు లాభం ఉదయపు నడక. తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీద వాహనాలను ఆపుతారు కనుక, తూర్పున సముద్రం మీద సూర్యోదయాన్ని చూస్తూ నిశ్చింతగా నడవవచ్చు. ఆ రోడ్డు పక్కనే ఉన్న ఐ.ఎన్.ఎస్. కుర్సురా జలాంతర్గామి 1969లో నౌకాదళంలో చేరి, 2001లో సేవల నుంచి విరమించి, మరుసటి ఏడాది మ్యూజియంగా మారింది. లోపలి ఇరుకు దారుల్లో టార్పెడోల పక్కన వేలాడే పడకలను చూస్తే, అంతమంది నావికులు నెలల తరబడి అక్కడ ఎలా గడిపారో ఊహకే అందదు. లోపల వివరించేవారు నౌకాదళంలో పనిచేసి వచ్చినవారే. వారి మాటలు వింటూ నెమ్మదిగా చూడాలి. సోమవారం సెలవు.

అయితే ఆర్.కె. బీచ్‌లో స్నానానికి దిగవద్దు. పైకి ప్రశాంతంగా కనిపించే చోట కూడా లోపలికి లాగే ప్రవాహాలు ఉంటాయి. ఏటా ఎందరో అక్కడ ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు. నీళ్ళలో ఆడుకోవాలనుకునేవారు శుభ్రమైన, సురక్షితమైన తీరాలకు ఇచ్చే అంతర్జాతీయ ‘బ్లూ ఫ్లాగ్’ గుర్తింపును 2020లో పొందిన ఋషికొండకు వెళ్ళి, ఈతగాళ్ళ కాపలా ఉన్న మేరకే దిగాలి. అక్కడ కయాకింగ్, సర్ఫింగ్ నేర్పేవారు ఉన్నారు. లైఫ్ జాకెట్ కొలతకు సరిపోయిందో లేదో చూడకుండా ఎక్కించే చోట, ధర ఎంత తక్కువైనా, పిల్లలను ఎక్కించకూడదన్నది నా గట్టి అభిప్రాయం. కొండల నడుమ ఒదిగిన యారాడ ఇంకా అందమైనది. అది కూర్చుని చూడవలసిన తీరం.

ఈ యాత్రలో నా మనసును పూర్తిగా ఆకట్టుకున్నది ఋషికొండ దాటాక భీమిలి దాకా సాగే దారి. ముందుగా తొట్లకొండ వస్తుంది. రెండు వేల ఏళ్ళ కిందట బౌద్ధ భిక్షువులు నివసించిన ఆ కొండపై రాతిలో తొలిచిన నీటి తొట్లు, స్తూపపు పునాదులు, భిక్షువుల గదుల వరుసలు ఉన్నాయి. అక్కడి నుంచి చూస్తే తీరమంతా కళ్ళ ముందు పరుచుకుంటుంది. తరువాత ఎర్రమట్టి దిబ్బలు. గాలి పోగుచేసిన ఇసుక వేల ఏళ్ళుగా ఇనుము తుప్పుతో ఎర్రబారగా, వాన నీరు దానిని లోతైన గండ్లుగా కోసింది. నీడ ఉండదు కనుక ఉదయమే వెళ్ళాలి. అంచులు ఇట్టే విరిగిపడతాయి కనుక పైకెక్కి ఫోటోలు దిగడం మనకూ ఆ దిబ్బలకూ మంచిది కాదు. దారి చివర భీమిలిలో డచ్చివారి పాత సమాధులు, ప్రశాంతమైన తీరం, గోస్తనీ నది సంగమం ఉన్నాయి. అనంతగిరి కొండల్లో పుట్టి బొర్రా గుహల గుండా వచ్చిన నీరే ఇక్కడ సముద్రంలో కలుస్తోందని తెలిశాక, మేము ఆ సంగమం దగ్గర చాలాసేపు ఉండిపోయాము.

భోజనం విషయంలో బీచ్ రోడ్డు పెద్ద హోటళ్ళ కన్నా భీమిలి దారిలోని చిన్న భోజనశాలలే మాకు నచ్చాయి. ఆనాడు పడిన చేప ఏదో అడిగి, కోనాం వేపుడో, నెత్తళ్ళ పులుసో వేడి అన్నంతో తింటే ఇంకేమీ అక్కరలేదు. చేపను తూకం వేసి అమ్మేచోట ధర ముందే మాట్లాడుకోవాలి. సాయంత్రం ఇసుకలో కూర్చుని తినే మురీ మిక్చర్, ఇంటికి తీసుకువెళ్ళడానికి గోధుమ పాలతో చేసే మాడుగుల హల్వా మరువకూడదు.

చాలామంది ఇదే ప్రయాణంలో అరకును ఒక్క రోజులో ఇరికించాలని చూస్తారు. సొరంగాల గుండా సాగే రైలు ప్రయాణమే ఒక పూట తీసుకుంటుంది. బొర్రా, అరకు కలిపి చూడాలంటే ఒక రాత్రి అక్కడ ఉండాలి. అంత సమయం లేనివారు నగరాన్ని ఆనుకుని ఉన్న కంబాలకొండ అడవిలో ఉదయపు నడకతో తృప్తి పడవచ్చు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం హాయిగా ఉంటుంది. అక్టోబరు, నవంబరు నెలలు తుఫానుల కాలం. 2014 అక్టోబరులో హుద్‌హుద్ నేరుగా ఈ నగరాన్నే తాకింది. ఆ నెలల్లో వెళ్ళేవారు డబ్బు వాపసు వచ్చే పద్ధతిలోనే గదులు తీసుకోవాలి.