అవెన్యూ రోడ్డులో అచ్చు వేయించిన గోట్లాండ్ పటం

మా అపార్ట్‌మెంటు పిల్లలకు ఆదివారాలు చెప్పే భూగోళ పాఠాల కోసం, స్వీడన్‌లోకెల్లా పెద్ద ద్వీపమైన గోట్లాండ్ పటాన్ని బెంగళూరు అవెన్యూ రోడ్డు సందులోని ఒక ప్రింటింగ్ దుకాణంలో రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తున అచ్చు వేయించాను. గట్టి మ్యాట్ కాగితం మీద వేసినందుకు 1,400 రూపాయలు తీసుకున్నారు. పనికి తగిన ధరే.

మాది కడప జిల్లా, నాపరాళ్ల మీద నడిచి పెరిగినవాణ్ణి కాబట్టి సున్నపురాయి ద్వీపమంటే నాకు ప్రత్యేకమైన మక్కువ. గోట్లాండ్ రాయి సుమారు 42 కోట్ల ఏళ్ల కిందట, ఆ నేల భూమధ్యరేఖకు చేరువలో వెచ్చని లోతులేని సముద్రం కింద ఉన్నప్పుడు, పగడపు దిబ్బలుగా పేరుకున్నది. మా నాపరాయి అంతకంటే ఎంతో పాతది, అందులో పగడాల జాడే ఉండదు. గోట్లాండ్ దిబ్బలలో మెత్తని భాగాన్ని అలలు కోసివేయగా మిగిలిన గట్టి రాతి స్తంభాలను అక్కడివారు రౌక్‌లంటారు. అవి ఎక్కువగా కనిపించేది ఉత్తరాన ఉన్న ఫోరో దీవిలో.

మొదటిసారి అచ్చులో సరిగ్గా ఆ ఫోరోయే సగం కోతకు పోయింది. యంత్రం వదిలే అంచును లెక్కలోకి తీసుకోకుండా కత్తిరించారు. చూపించగానే యజమాని, "తప్పు మాదే సార్, ఎల్లుండికి కొత్తది ఇస్తాం" అని తెలుగులోనే చెప్పి, అన్నమాట ప్రకారం పైసా అడగకుండా మళ్లీ వేసిచ్చారు. రెండోసారి రంగులమీద కూడా శ్రద్ధ పెట్టారు. ద్వీపంలో అత్యంత ఎత్తైన చోటు కేవలం 82 మీటర్లు కావడంతో మామూలు రంగులలో అంతా ఒకే పచ్చగా కనిపిస్తుంది; దగ్గర దగ్గర ఛాయలు విడివిడిగా తేలేలా సరిదిద్దారు.

నేను పెట్టిన గుర్తులన్నీ స్పష్టంగా పడ్డాయి: పడమటి స్టోరా కార్ల్‌సో దీవిలో 9,000 ఏళ్ల కిందటే సీళ్లను వేటాడినవారు నివసించిన గుహ, కంచుయుగంలో పడవ ఆకారంలో రాళ్లు పాతిన సమాధులు, 1999లో స్పిల్లింగ్స్ పొలంలో 67 కిలోల వెండి బయటపడిన చోటు. ఆ వెండిలోని 14,000కు పైగా నాణేలలో అత్యధికం అరబ్బు దిర్హములని చెబితే, ఆ నాణేలు అంత దూరం ఏ నదుల మీదుగా వచ్చాయో పిల్లలు వేలితో వెతకడం మొదలుపెట్టారు.

దక్షిణ కొసన చిన్న అక్షరాలు మాత్రం కొంచెం అలికినట్లు పడ్డాయి. వెళ్లేవారు ముందుగా చిన్న నమూనా వేయించుకుని నాలుగు అంచులూ చూసుకోవాలి. లామినేషన్ వద్దని చెప్పండి, ట్యూబులైటు కింద మెరిసి అక్షరాలు కనపడవు.