పొట్టి వీడియోల్లో మన పిట్టలు, పాములు: మూడేళ్లు చూశాక నా మాట

ముందే తీర్పు చెప్పేస్తాను. మన చుట్టుపక్కల ఉండే పక్షులు, పాములు, పురుగుల గురించి ఒకటి రెండు నిమిషాల వీడియోలతో నేర్చుకోవచ్చా అంటే, నేర్చుకోవచ్చు. నేను నేర్చుకున్నాను. అయితే ఆ వీడియోలు కొన్ని విషయాల్లో పుస్తకం కంటే మేలు, కొన్నింట్లో ఊరి పుకారు కంటే అధ్వానం. మూడేళ్లకు పైగా చూస్తున్న మనిషిగా ఆ తేడా ఎక్కడుందో రాస్తున్నాను. మాది సూళ్లూరుపేట వైపు. నేలపట్టు పక్షుల కేంద్రం, పులికాట్ సరస్సు రెండూ దగ్గరే కాబట్టి ఫోన్లో చూసినదాన్ని బయటికెళ్లి సరిచూసుకునే వీలు నాకుంది. ఆ వీలు లేనివాళ్లు నేనిచ్చే మార్కుల్లో ఒకటి తగ్గించుకుని చదవండి.

బాగున్నది ముందు. కదలికలో ఉన్న సంగతి ఏదైనా పొట్టి వీడియోకి సరిగ్గా సరిపోతుంది. పులికాట్‌లో ఫ్లెమింగోలు తల దించి నీళ్లలో ఏదో వెతుక్కుంటూ ఉండటం చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. అవి ముక్కును తలకిందులుగా పెట్టి, నాలుకతో నీళ్లు లోపలికి లాగి బయటికి నెడుతూ, ముక్కు అంచుల్లోని సన్నటి జల్లెడ లాంటి వరుసలతో నాచును, పిసరంత జీవులను వడకట్టుకుంటాయి. ఇది నాకు అర్థమైంది స్లో మోషన్‌లో తీసిన ఒక చిన్న వీడియోతోనే. ఈకల గులాబీ రంగు కూడా ఆ తిండిలో ఉండే కెరోటినాయిడ్లనే రంగు పదార్థాల వల్లే వస్తుందట. ఇదే సంగతి ఎవరైనా పేజీ నిండా రాసి ఇచ్చినా నా బుర్రకెక్కేది కాదు.

నత్తగుల్ల కొంగ సంగతీ అంతే. ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది దానికి. పిల్లలకు ఆ సందు ఉండదు, పెరిగేకొద్దీ వస్తుంది. నత్త దొరకగానే ముక్కు కొనను గుల్లలోకి దూర్చి, పట్టి ఉంచే కండరాన్ని తెంపి, మాంసాన్ని లాగేస్తుంది. వరి మడుల్లో రోజూ కనిపించే కొంగ ఇంత పనిమంతురాలని ఎవరనుకుంటారు!

ఇక తీతువు పిట్ట. అది కూస్తే మంచిది కాదని మా ఇళ్లలో అనుకునేవాళ్లు. గూడు కట్టకుండా, ఖాళీ నేల మీద గులకరాళ్ల మధ్య గుడ్లు పెట్టే పిట్ట అది. గుడ్లు కూడా రాళ్లలాగే ఉంటాయి. ఎండ ముదిరితే పొట్ట ఈకలు నీళ్లలో తడుపుకుని వచ్చి గుడ్లను చల్లబరుస్తుంది. ఆ దృశ్యం ఉన్న వీడియో మా అమ్మకు చూపించాను. "నేల మీద గుడ్లు పెట్టుకున్నాక, మనిషి అటు వస్తుంటే అరవక ఏం చేస్తుందిరా అది" అంది. అపశకునం గురించి ఉపన్యాసం ఇచ్చే పని లేకుండా పోయింది.

ఇంత బాగా తీసినవాళ్లే శబ్దం దగ్గర చెడగొడతారు. నా పెద్ద ఫిర్యాదు ఇదే. చెట్టు నిండా ఆకులున్నప్పుడు పిట్టను పట్టించేది కూతే. ఎక్కువ వీడియోల్లో ఆ కూత తీసేసి సినిమా బీజీఎం అతికిస్తారు. గద్ద రెక్క విప్పితే హీరో ఎంట్రీ, గుడ్లగూబ తల తిప్పితే దయ్యం సినిమా. రక్తపింజర బుసను ఒక్కసారి సరిగ్గా వింటే జన్మలో మర్చిపోరు, కుక్కర్ విజిల్ వచ్చే ముందు ఆవిరి తన్నినట్టు ఉంటుంది. ప్రాణం కాపాడే శబ్దమది. దాని మీద కూడా డప్పు మ్యూజిక్ వేస్తే ఏమనాలి? పిట్టల కూతల కోసం నేను చివరికి కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్ల మెర్లిన్ యాప్‌కి వెళ్లాను. ఉచితం. మన ప్రాంతం ప్యాక్ ముందే దించుకుంటే నెట్ లేని చోట కూడా పిట్ట కూతను విని పేరు చెబుతుంది. తప్పులూ చెబుతుంది, కాబట్టి పిట్ట కంటబడేదాకా ఆగడం మంచిది.

రెండో ఫిర్యాదు సైబీరియా. నేలపట్టు, కొల్లేరు, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం, తేలుకుంచి, ఊరేదైనా సరే, చెట్టు మీద పెద్ద పక్షి కనబడితే చాలు, "సైబీరియా నుంచి వేల కిలోమీటర్లు ఎగిరొచ్చిన అతిథులు" అని గొంతు మొదలవుతుంది. నేలపట్టులో గూళ్లు కట్టే గూడబాతులు దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షులు. తేలుకుంచి నత్తగుల్ల కొంగలూ అంతే. వానలు, చేపలు, నత్తలు ఎక్కడుంటే అక్కడికి, ఎక్కువగా ఈ దేశంలోనే తిరుగుతుంటాయి. నిజంగా ఉత్తరాది నుంచి హిమాలయాలు దాటి వచ్చేవి వేరే ఉన్నాయి, సూదితోక బాతుల్లాంటివి. అవి చలికాలం గడిపి వెళ్లిపోతాయి, ఇక్కడ గుడ్లు పెట్టవు. గూడు కట్టి పిల్లల్ని పెంచుతున్న పక్షిని పరాయి దేశం అతిథి అంటే ఎలా? పుట్టిల్లే ఇదయితే! ఊళ్లవాళ్లు వాటిని పురిటికి వచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారన్న మాట ఈ లెక్కన సైన్సుకే దగ్గరగా ఉంది. నేలపట్టులో పక్షులు గూళ్లు కట్టే నీటి కడప చెట్ల కింద చెరువులో వాటి రెట్ట కలిసి నీళ్లు ఎరువుగా మారతాయి, ఆ నీళ్లు పొలాలకు పారతాయి. ఈ లావాదేవీ గురించి వివరంగా చెప్పిన వీడియోలు చాలా తక్కువ. సైబీరియా అంటే వ్యూస్ వస్తాయి, రెట్ట అంటే రావు కాబోలు.

పాముల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే అక్కడ లాభమూ ఎక్కువే, ప్రమాదమూ ఎక్కువే. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో ఏటా సగటున 58 వేల మంది చనిపోయారని ఒక పెద్ద అధ్యయనం లెక్క కట్టింది. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో మన రెండు రాష్ట్రాల ప్రాంతమూ ఉంది. కాబట్టి నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటినీ గుర్తుపట్టడం నేర్పే వీడియోకి నేను ఎన్ని మార్కులైనా వేస్తాను. ఒక మంచి వీడియోలో కట్లపామును, దానిలాగే ఉండే విషం లేని వుల్ఫ్ స్నేక్‌ను పక్కపక్కన పెట్టి చూపించారు. కట్లపాముకు తెల్ల పట్టీలు తల నుంచి కొంత దూరం వదిలి మొదలై తోక వైపు స్పష్టంగా ఉంటాయి. రెండోదానికి మెడ దగ్గరే మొదలై తోక వైపు వెలిసిపోతాయి. బాగుంది. అయినా చీకట్లో, టెన్షన్‌లో పట్టీలు లెక్కపెట్టే ధైర్యం ఎవరికుంటుంది? కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లను కాటేస్తుంది, చాలాసార్లు నొప్పి కూడా పెద్దగా ఉండదు. గుర్తుపట్టారా లేదా అన్నదాన్ని పక్కన పెట్టి, కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి, యాంటీవెనం (పాము విషానికి విరుగుడు మందు) ఉన్న ఆసుపత్రికి చేర్చమనే మాటతో ఆ వీడియో ముగిసింది. కోయొద్దు, నోటితో పీల్చొద్దు, గట్టిగా కట్టొద్దు అని కూడా చెప్పారు. అలాంటి వీడియో ఇంట్లో అందరికీ పంపాలి.

కానీ దాని వెనకాలే వరసపెట్టి వచ్చేవి ఏమిటి? పడగకు ముద్దు పెట్టేవాళ్లు, తోక పట్టి గాల్లో ఊపేవాళ్లు, రక్షించామంటూ అరగంట పామును అటూ ఇటూ లాగేవాళ్లు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నుంచి ఉంది, అనుమతి లేకుండా ఇలా పట్టి ఆడించడం నేరం. అది చెప్పకుండా సబ్‌స్క్రైబ్ చేయమంటారు. ఇంకో రకం, "నాగుపాము, జెర్రిపోతు సయ్యాట". ఆ పెనవేసుకున్నవి రెండూ జెర్రిపోతులే, రెండూ మగవే. ఆడదాని కోసం బలం చూపించుకునే కుస్తీ అది. అందులోనే అంత మంచి సైన్సు పాఠం ఉంటే దాన్ని వదిలేసి, లేని సంబంధాన్ని కలుపుతారు. పాముల వీడియోలు చూసేటప్పుడు నా నియమం ఒక్కటే: మనిషి చెయ్యి పాము మీద పడిందా, ఆ ఛానెల్ మళ్లీ చూపించొద్దని నొక్కేస్తాను. దీనివల్ల ఒకటి రెండు మంచి ఛానెళ్లు కూడా పోయి ఉండొచ్చు, పోనీ.

ఈ మధ్య కంప్యూటర్‌తో తయారుచేసిన నకిలీ వీడియోలు కూడా పెరిగాయి. నల్లమలలో సింహం అని ఒకటి వచ్చింది. మన దేశంలో అడవి సింహాలు గుజరాత్‌లో తప్ప ఎక్కడా లేవు. ఇది తెలిసినవాళ్లు నవ్వుకుంటారు, తెలియని పిల్లలు నమ్మేస్తారు. ఏ ఊరు, ఏ నెల అన్నది చెప్పని వీడియోను నేను ఇప్పుడు సగం అనుమానంతోనే చూస్తాను.

అరుదైన జీవుల విషయంలో మాత్రం నాకు రెండు మనసులు. కడప జిల్లా కలివికోడిని తీసుకోండి. 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు, అంతరించిందనుకున్నారు. 1986లో రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే స్థానికుడు రాత్రిపూట లైటు వెలుగులో పట్టుకున్నాడు. శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా వెతుకుతున్న పక్షి అలా బయటపడింది. ఈ కథ రెండు నిమిషాల్లో అద్భుతంగా చెప్పొచ్చు, చెప్పినవాళ్లూ ఉన్నారు. కానీ ఆ పక్షి బొమ్మలు బహు తక్కువ కాబట్టి చాలామంది పొలాల్లో పగలు తిరిగే వేరే పక్షి బొమ్మ పెట్టేస్తారు. గుత్తి పేరుతో ప్రపంచానికి తెలిసిన నీలి సాలీడు సంగతి ఇంకోలా ఉంది. గుత్తి రైల్వే కలప డిపోలో దొరికిన సాలీడుతో 1899లో దానికి శాస్త్రీయ నామం వచ్చింది, తర్వాత నూరేళ్లకు నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ కనబడింది. దాన్ని ఇళ్లలో పెంచుకునే సరదా విదేశాల్లో బాగా ఉంది. అలాంటి జీవి ఉండే చెట్టును, దారిని లొకేషన్‌తో సహా చూపించే వీడియో ఎంత బాగున్నా అక్కర్లేదు.

నాకు బాగా నచ్చినవి మాత్రం ఇంటి చుట్టూ ఉండే చిన్న జీవుల వీడియోలు. జూన్‌లో తొలి వానలకు నేల మీదికొచ్చే ఎర్ర మఖమల్ లాంటి ఆరుద్ర పురుగును మాక్రో లెన్స్‌తో తీసిన వీడియో చూశాక, దానికి ఎనిమిది కాళ్లుంటాయని, సాలీళ్ల చుట్టమని తెలిసింది. పిల్లగా ఉన్నప్పుడు మిడతల్లాంటి వాటి ఒంటి మీద బతుకుతుంది, పెద్దయ్యాక ఇతర పురుగుల గుడ్లు తింటుంది. అగ్గిపెట్టెలో పెట్టుకుని ఆడుకునే పిల్లలకు ఇది చూపించి చూడండి.

వాడేవాళ్లకు నా సలహా ఇది. రాత్రి మంచం మీద వరసగా చూస్తే ఏదీ గుర్తుండదు. నచ్చినవి నెలల వారీగా ప్లేలిస్టుల్లో దాచుకుని, ఆ నెల రాగానే మళ్లీ చూసి బయటికెళ్లండి. నవంబరుకు గూడబాతులు, జనవరికి ఫ్లెమింగోలు, జూన్‌కు ఆరుద్ర. పిల్లలకు ఫోన్ చేతికిచ్చి వదిలేయడం కంటే, దాచిన వాటిలోంచి ఒకటి పక్కన కూర్చుని చూపించడం నయం. పొలం పనులు చేసేవాళ్లున్న ఇంట్లో ఆ నాలుగు పాముల వీడియో ఒకటి డౌన్‌లోడ్ చేసి ఉంచుకోవాలి, అదీ చివర ఆసుపత్రి మాట ఉన్నదే.

మొత్తానికి అయిదుకు మూడు మార్కులు. చిన్న జీవులకు విడిగా అయితే నాలుగున్నర, పాములు పట్టేవాళ్లకు సున్నా. ఒక్కటి మాత్రం నాకింకా దొరకలేదు. పులికాట్‌లో మన వైపు సరస్సు ఏప్రిల్, మే నెలలకు చాలావరకు ఎండిపోతుంది. అప్పుడు ఆ నెర్రెలు విచ్చిన నేల మీద ఏమేం బతుకుతాయో ఎవరూ తీసినట్టు లేదు. ఎవరైనా తీసే పనైతే, దయచేసి బీజీఎం పెట్టకండి.