మైక్రోస్కోపుకే బూజు పట్టింది: ఆరేళ్లు వాడాక

కొన్న కొత్తలో ఎవరు అడిగినా కళ్లు మూసుకుని కొనేయమని చెప్పాను. ఇప్పుడు అడిగితే మాత్రం, ముందు మీ ఇంటికి సముద్రం ఎంత దూరమో చెప్పమంటున్నాను.

మాది నెల్లూరు జిల్లాలో ఇందుకూరుపేట దాటాక మైపాడు వైపు ఒక పల్లె. ఇంటికి మూడు పక్కలా రొయ్యల గుంటలే. సాయంత్రాలు బైపీసీ పిల్లలకూ, నర్సింగ్ చదివే అమ్మాయిలకూ మైక్రోబయాలజీ ట్యూషన్ చెబుతాను. వాళ్ల కోసం 2019లో కొన్న స్టూడెంట్ మైక్రోస్కోపు ఇది. ఒంటి కన్నుతో చూసేది, కింద వెలుగును పైకి మళ్లించే అద్దం ఉన్నది. ఏ కాలేజీ ల్యాబులోనైనా ఇలాంటివే ఉంటాయి కాబట్టి మిగతా వివరాలు వదిలేస్తున్నాను.

దీన్ని కొన్నదే 100 లెన్సు, అంటే వంద రెట్లు పెద్దది చేసే లెన్సు కోసం. స్లైడు మీద నూనె చుక్క వేసి, లెన్సు మూతి ఆ నూనెలో మునిగేలా పెట్టి చూస్తాం. గాజులోంచి గాలిలోకి వచ్చేటప్పుడు వెలుగు పక్కకు వంగి కొంత లెన్సులోకి రాకుండా పోతుంది. ఈ నూనె వెలుగును దాదాపు గాజు వంచినంతే వంచుతుంది కాబట్టి ఆ నష్టం ఉండదు. పావు మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దూరంలో ఉన్న రెండు చుక్కలు రెండుగా కనిపిస్తాయి. బాక్టీరియా ఒకటి రెండు మైక్రాన్లే కదా, ఈ లెన్సు లేకపోతే వాటి ఆకారం తెలియదు.

మొదటి రోజు మా ఇంటి పెరుగునే గ్రామ్ స్టెయిన్ చేశాను, అంటే బాక్టీరియాకు రంగులు పట్టించి రెండు రకాలుగా విడదీయడం. 1884లో హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ అనే డెన్మార్క్ డాక్టరు బయటపెట్టిన పద్ధతి. మేం చేసేది ఇలా: ముందు ఊదా రంగు, తర్వాత అయోడిన్, ఆల్కహాల్‌తో ఒక కడుగు, చివర సఫ్రనిన్ అనే ఎర్ర రంగు. పెరుగులోవి ఊదాగానే ఉండిపోయాయి, కొన్ని కడ్డీలు, కొన్ని పూసల దండలు. బాక్టీరియాలో చుట్టూ గోడ మందంగా ఉన్నవి ఊదా రంగును వదలవు. గోడ పలచగా ఉండి పైన కొవ్వు పొర ఉన్నవాటిలో ఆల్కహాల్ ఆ పొరను కరిగించేస్తుంది, రంగు కారిపోతుంది, అవి గులాబీ రంగుకు వస్తాయి. రెండేళ్లుగా బట్టీ కొట్టిన పాఠం ఒక అమ్మాయికి ఆ రోజు అర్థమైంది. "అక్కా, రోజూ అన్నంలో కలుపుకునేది వీటినా?" అని మొహం అదోలా పెట్టింది.

40 లెన్సుకూ పేరు పెట్టలేను. మొలగొలుకుల బియ్యం కడిగిన నీళ్లలో అయోడిన్ వేస్తే పిండి రేణువులు మూలలు తేలి, నలిగిన ఉప్పులా కనిపిస్తాయి. ఆలుగడ్డవైతే వాటి ముందు గులకరాళ్లే. పిండిలోని అమైలోజ్ గొలుసు స్ప్రింగులా చుట్టుకుని ఉంటుంది, అయోడిన్ దాని నడుమ దూరి కూర్చుంటుంది, నీలం అందుకే. ఇది బోర్డు మీద గీసి చెప్పడం కంటే చూపించడం తేలిక.

ఇక అసలు సంగతి. 2021 నవంబరు, పెన్నకు పెద్ద వరద వచ్చిన నెల. మూడు వారాలు ట్యూషన్ లేదు. మైక్రోస్కోపు దాని చెక్కపెట్టెలోనే ఉంది. పిల్లలు మళ్లీ వచ్చిన రోజు పెరుగు స్లైడు పెట్టాను. ఊదా కడ్డీల మధ్య సాలెగూడు పోగుల్లాంటివి, కొమ్మలు కొమ్మలుగా, కొంచెం మసకగా.

"అక్కా, పెరుగుకు బూజు పట్టింది" అన్నాడొకడు. నాకూ సంబరమేసింది. వాన రోజులు కదా, పట్టదా మరి అనుకున్నాను. అక్కడికక్కడే ఫంగస్ పాఠం ఎత్తుకున్నాను. పోగును హైఫా అంటారు, పోగుల గుంపును మైసీలియం అంటారు, మధ్యలో అడ్డుగోడలున్నాయో లేవో చూడండి అన్నాను. దాని గోడ కైటిన్‌తో కట్టింది, మన రొయ్య పెంకులో ఉండేదీ అదే అని గుంటల వైపు చెయ్యి కూడా చూపించాను. అందరూ రికార్డుల్లో బొమ్మ వేశారు. ఇద్దరికి గుడ్ అని కూడా రాశాను.

ఎప్పుడూ నోరు విప్పని నర్సింగ్ అమ్మాయి ఒకతె లెన్సులు అటూ ఇటూ మార్చి చూస్తోంది. "అక్కా, 40లో పెట్టినా, 100లో పెట్టినా ఈ పోగు ఇంతే లావుంది" అంది.

నేను రెండు క్షణాలు మాట్లాడలేదు. స్లైడు మీద ఉన్నదైతే 40 నుంచి 100కి వచ్చేసరికి రెండున్నర రెట్లు కావాలి. స్లైడు జరిపాను, కడ్డీలు జరిగాయి, పోగు జరగలేదు. పైన కన్ను పెట్టి చూసే ఐపీస్ పట్టుకుని తిప్పాను, పోగూ దాంతోపాటే గిర్రున తిరిగింది. బూజు పెరుగుకు కాదు, నా ఐపీస్‌కు పట్టింది. అంతసేపూ నేను పాఠం చెప్పింది దాని మీద.

గాలిలో బూజు బీజాలు ఎప్పుడూ ఉంటాయి, తేమ దొరికితే చాలు. సన్నటి దుమ్మో, వేలి జిడ్డో ఆధారంగా పట్టేస్తుంది. దానికి నోరూ కడుపూ లేవు, ఎంజైములు బయటికి వదిలి, బయటే అరిగించుకుని, కరిగింది పీల్చుకుంటుంది. అలా వదిలేవాటిలో ఆమ్లాలూ ఉంటాయి, అవి లెన్సు మీది పూతనూ గాజునూ తింటాయి. నెల్లూరులో బాగుచేసే ఆయన ఐపీస్ విప్పి తుడిచి ఇచ్చాడు. బూజు పోయింది, అది తిన్న గీత పోలేదు. 100 లెన్సు లోపల కూడా మసక ఉందని, అది సీలు కాబట్టి విప్పితే పనికిరాదని చెప్పాడు. అప్పటినుంచి దానిలో గ్రామ్ స్టెయిన్ పలచటి పొగమంచులో చూసినట్టుంటుంది.

నా కోపం మైక్రోస్కోపు మీద కాదు, ఆ చెక్కపెట్టె మీద. కొన్నప్పుడు ఆ పెట్టెను, లోపలి స్పాంజిని అందరికీ చూపించి మురిసిపోయిన మాట నిజం. కానీ మా ఊరి వానల్లో చెక్కా, స్పాంజీ రెండూ తేమ తాగి మూత వెనక దాచుకుంటాయి. అమ్మినవాళ్లు తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం ఒక్కటన్నా వేయలేదు. బియ్యం డ్రమ్ములో పెట్టమని మా అత్త సలహా ఇచ్చింది. ఆ పిండి దుమ్ము బూజుకు విందు భోజనం, వద్దన్నాను. ఇప్పుడు మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో నీలం రంగు సిలికా జెల్‌తో పెడుతున్నాను. గులాబీ రంగుకు మారితే సన్నటి సెగ మీద వేయించి మళ్లీ వేస్తాను, ఆ బాణలి వంటకు వాడను.

అద్దం గురించి కూడా ఒకటి సర్దుకోవాలి. కరెంటు పోయినా పనిచేస్తుందని పొగిడాను. పగలు, ఎండ ఉంటే, అవును. నా ట్యూషన్ సాయంత్రం. ముసురు పట్టిన రోజు 100 లెన్సుకు ఆ వెలుగు ఏ మూలకూ రాదు, టేబుల్ లైటు పెట్టుకోవాల్సిందే.

మా ఊరివాళ్లు గుంట నీళ్లు సీసాల్లో తెస్తుంటారు, "చూసి చెప్పమ్మా, తెల్ల మచ్చ ఉందేమో" అని. తెల్ల మచ్చ రొయ్యలకు వైరస్ వల్ల వచ్చే జబ్బు, వైరస్ ఇందులో కనిపించదు. బాక్టీరియా కనిపించినా ఆకారం చూసి పేరు చెప్పలేం, ల్యాబులో ప్లేటు మీద పెంచి చూడాల్సిందే. ఆ పనికోసం కొంటే డబ్బు దండగ.

పొదిలి, కనిగిరి వైపు పొడి ఊళ్లలో ఉండేవాళ్లకు నా గోల చాలావరకు అక్కర్లేకపోవచ్చు. బడికో, ట్యూషన్‌కో అయితే ఈ ధరకు ఇది చాలు అనే అంటాను. సముద్రం పక్కనైతే సిలికా జెల్ ఖర్చు కూడా ధరలో కలిపి లెక్కేసుకోండి. కొత్త 100 లెన్సు ఒక్కటే రెండున్నర వేలు చెబుతున్నారు. ఈ ఏడు ఫీజులు అందరూ కడితే కొంటాను. గీత పడ్డ ఐపీస్ మాత్రం మార్చను, కొత్త బ్యాచి వచ్చినప్పుడు ముందు దాన్నే తిప్పి చూడమంటున్నాను.